రోడ్డుకు ఇవతలి మేత

ఎల్రాయ్ జాస్ట్రో ముప్ఫై ఒక్క ఏళ్ళు కౌంటీ రోడ్ల శాఖలో పనిచేశాడు. చలికాలంలో మంచు తోయడం, వేసవిలో గుంతలు పూడ్చడం, ఏడాది పొడుగునా బళ్ళకు తగిలి చచ్చిన జింకల్ని ఎత్తి ట్రక్కులో వేయడం, ఇదీ ఉద్యోగం. మొదటి రెండు పనులకూ మనుషులు దొరికేవారు. మూడోదాని మాట ఎత్తగానే అందరికీ ఎక్కడలేని నడుంనొప్పీ వచ్చేది. ఎల్రాయ్‌కి అలాంటి నొప్పులు తెచ్చుకోవడం చేతకాదు, అందుకని ఆ పని అతని మెడకే చుట్టుకుంది. ఏ మలుపులో ఏ నెలలో ఏ వేళకి జింకలు రోడ్డు దాటతాయో ఆ చుట్టుపక్కల అతనికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. జింక బొమ్మ ఉన్న పసుప్పచ్చ బోర్డులు సగం అతను పాతినవే. వాటిని మనుషులు చదవరు, జింకలకు చదువు రాదు. అయినా పాతమన్నారు కాబట్టి పాతాడు.

అలాంటివాడి ఒక్కగానొక్క కొడుకు కర్ట్, ఇరవై ఎనిమిదేళ్ళవాడు, రెండేళ్ళ కిందట నవంబరులో ఆ బోర్డుల్లో ఒకదాని పక్కనే పోయాడు. ఇంటికి మైలున్నర దూరం. చిత్తడి పక్కన రోడ్డు వంపు తిరిగే చోట ఆడజింక అడ్డం వచ్చింది. తప్పించబోయాడు. జింకా తప్పలేదు, చెట్టూ తప్పలేదు. "అడ్డం వస్తే స్టీరింగు తిప్పకురా, నేరుగా గుద్దెయ్" అని తండ్రి వాడికి పదహారో ఏటి నుంచీ వందసార్లు చెప్పి ఉంటాడు.

మర్నాడు పొద్దున ఎల్రాయ్ డ్యూటీకి వెళ్ళాడు. ఎవరూ రమ్మనలేదు, వద్దని చెప్పే ధైర్యమూ ఎవరికీ లేకపోయింది. ట్రక్కు వేసుకుని ఆ మలుపుకి పోయి, కాలవలో పడున్న జింకను ఎత్తి, కాగితం మీద "ఒకటి, ఆడది" అని రాసి, ఎప్పుడూ పారేసే గుంటలో పారేసి వచ్చాడు. ఊరు ఊరంతా దీని గురించి నెల రోజులు మాట్లాడుకుంది. కొందరు గుండె రాయి అన్నారు, కొందరు పాపం అన్నారు. ఎల్రాయ్‌కి మాత్రం ఏమీ అనిపించలేదు. ఆ రోజే కాదు, ఆ తర్వాత కూడా. మత్తు సూది వేశాక పంటి చిగురు ఎలా ఉంటుందో మనిషి మొత్తం అలా ఉండిపోయాడు. తినేవాడు, గడ్డం గీసుకునేవాడు, అడిగినదానికి జవాబిచ్చేవాడు. ఏడుపు ఎప్పుడో వస్తుందని కొన్నాళ్ళు కాచుక్కూచుని, రాకపోతే దాన్నీ వదిలేశాడు.

అతని బుర్రలో ఒక్క ఆలోచన మాత్రం ఆగకుండా తిరుగుతూ ఉండేది. మిగిలింది బెర్నిస్ ఒక్కతే. భార్య బెర్నిస్ టౌనులో ముసలివాళ్ళ ఆశ్రమం వంటింట్లో పనిచేస్తుంది. పొద్దున్నే వెళ్ళి సాయంత్రం తిరిగొస్తుంది. టౌనుకి ఆ రోడ్డే దగ్గర. ఆ రోడ్డు మీద ఆ మలుపు ఉంది. ఆ మలుపులో జింకలు దాటతాయి. ఏదో ఒక సాయంత్రం ఇంకో జింక, ఇంకో చెట్టు. అంతే. పడుకున్నా లేచినా ఇదే.

మరుసటి ఏడు డిసెంబరులో రిటైరయ్యాక అతనికి ఉపాయం తట్టింది. జింకలు పగలంతా తన చిత్తడిలో, దేవదారు పొదల్లో పడుకుంటాయి. పొద్దుగూకేవేళ లేచి రోడ్డు దాటి అవతల గార్డీ క్లెంప్ పొలంలో సోయా తింటాయి. ఎందుకు దాటతాయి? ఆకలికి. ఆ ఆకలేదో ఇవతలే తీరిపోతే రోడ్డెక్కే అవసరం ఏముంది? చిత్తడి వెనక తన పాత గడ్డిపొలం రెండెకరాలు ఊరికే పడి ఉంది. దాంట్లో జింకలకు మేత వేయాలి. పింఛనులో గ్యాసుకీ మందులకీ పోగా మిగిలేది ఎంతో అతనికి తెలుసు కనక తక్కువలో వేయాలి.

తక్కువలో పని కానివ్వడం అతనికి పుట్టుకతో వచ్చిన విద్య. తండ్రి పద్దెనిమిది ఆవులతో పాడి నడిపి, ఆవులు అమ్ముకున్నాక కూడా పాలక్యాన్లు పారేయని మనిషి. ఎల్రాయ్ దుకాణానికి వెళ్ళి, పెద్ద కొమ్ముల జింక బొమ్మ వేసిన మేత విత్తనాల సంచులు చూసి, వెనక్కి తిప్పి చదివి, అక్కడే పెట్టేశాడు. రైతులు కొనే దాణా మిల్లుకి పోయి అదే క్లోవర్ పచ్చిమేత గింజ బొమ్మ లేని కాగితం సంచిలో మూడోవంతు ధరకి తెచ్చుకున్నాడు. నేల పులుపు, సున్నం వేయాలి. సున్నం లారీ పిలిపించే స్తోమత లేదు, రెండు చలికాలాల పొయ్యి బూడిద జల్లాడు.

మార్చిలో పొద్దున్నే నేల గడ్డకట్టి ఉండగా, కాఫీ డబ్బా అడుక్కి మేకుతో చిల్లులు పొడిచి, ఉప్పు చల్లినట్టు క్లోవర్ గింజలు చల్లుకుంటూ ఎకరం నడిచాడు. దుక్కి లేదు, ట్రాక్టరు లేదు. రాత్రి బిగుసుకుని మధ్యాహ్నం కరుగుతూ నేలే నోరు తెరిచి గింజను మింగుతుంది. చూసేవాళ్ళకి పిచ్చివాడు మంచుకి విత్తనాలు వేస్తున్నట్టుంటుంది. ఆ చుట్టుపక్కల ముసలివాళ్ళంతా అలాగే చేస్తారు.

మే నెలలో రెండో ఎకరానికి సోయా కోసం గార్డీ దగ్గరికి వెళ్ళాడు. గార్డీ చిన్నప్పటి బడి స్నేహితుడు, నోరు ఊరుకోని మనిషి.

"ఏరా ఎల్రాయ్, రిటైరైనవాళ్ళు ఫ్లోరిడా పోతారు, పడవ కొంటారు. నువ్వు జింకలకి హోటలు పెడుతున్నావంటగా?"

"నువ్వు విత్తగా మిగిలిన గింజలు ఉన్నాయా లేవా?"

"ఉన్నాయి. ఊరికే ఇస్తాననుకోకు. ఒక కేసు బీరు. చల్లగా ఉండాలి, చెబుతున్నా."

"జింకలు నీ సోయా తినకుండా ఆపుతున్నా. నువ్వే నాకు బీరు కొనాలి."

గార్డీ పగలబడి నవ్వాడు. ఎల్రాయ్ నవ్వించడానికి అనలేదు, లెక్క చెప్పాడంతే. గార్డీ మాత్రం నవంబరు వేటకి పెద్ద మగజింకను మేపుతున్నాడనే అనుకున్నాడు. ఆ ఊళ్ళో జింకలకు మేత వేసేవాడికి ఇంకో కారణం ఉంటుందని ఎవరూ అనుకోరు. గింజలతోపాటు దున్నడానికి డిస్కు కూడా అరువిచ్చాడు.

సోయా గింజకు సూక్ష్మజీవుల నల్లపొడి పట్టించాలి, లేకపోతే మొక్క వేళ్ళకు నత్రజని పట్టే బుడిపెలు కట్టవు. గ్యాసు పోయిన సోడా తొట్టిలో పోసి, అందులో పొడి కలిపి, గింజల్ని చేత్తో పిసికి పట్టించాడు. చల్లాక పైన మన్ను సర్దాలి. దానికి అందరూ పాత ఇనప మంచం స్ప్రింగు చట్రాన్ని నాలుగు చక్రాల బండి వెనక కట్టి, పైన ఒక దుంగ వేసి లాగుతారు. ఎల్రాయ్ కొట్టంలో వెతికాడు, లేదు. మేడ మీదకి వెళ్ళాడు. కర్ట్ గదిలో మంచం ఇనపదే. పరుపు తీసి గోడకి ఆనించి, మరలు విప్పి, చట్రాన్ని మెట్ల మీదుగా దించుకుపోయాడు. ఆ చేసేదేమిటో అతని తలకెక్కలేదు. మంచి బరువున్న చట్రం, పనికొస్తుంది అనుకున్నాడు. నిజంగానే అంతే అనుకున్నాడు.

సాయంత్రం బెర్నిస్ వంటింట్లోంచి పిలిచింది. "ఎల్రాయ్, కర్ట్ మంచం ఏది?"

"పొలంలో ఉంది."

"పొలంలో ఏం చేస్తోంది?"

"మన్ను సర్దా. గింజలు పైనుంటే పిట్టలు తినేస్తాయి."

ఆమెకి అర్థం కావడానికి కాస్త పట్టింది. అర్థమయ్యాక గొంతు పెంచలేదు, అదే ఘోరం. "వాణ్ణి చంపినవాటికి విందు చేస్తున్నావు. చేసుకో. దానికి వాడి మంచమే దొరికిందా నీకు?"

"స్ప్రింగు చట్రం ఒక్కటే తీశా. పరుపు పైనే ఉంది."

"నువ్వు మనిషివేనా? అడుగుతున్నా, చెప్పు. నీ లోపల ఇంకేమైనా ఉందా, లేక ఆ రోజు జింకతోపాటు దాన్నీ గుంటలో పారేసి వచ్చావా?"

అప్పుడే చెప్పేస్తే సరిపోయేది. ఎల్రాయ్ నోటిదాకా వచ్చింది కూడా. కానీ చెబితే ఆమెకి రోజూ ఆ మలుపు దగ్గర చేతులు వణుకుతాయనీ, వణికే చేతులతో స్టీరింగు పట్టుకోవడం మంచిది కాదనీ అనుకుని నోరు మూసుకున్నాడు. చట్రాన్ని నీళ్ళ గొట్టంతో కడిగి తెచ్చి మళ్ళీ బిగించాడు. వంకరపోయింది, పరుపు సరిగ్గా కూచోలేదు. బెర్నిస్ వచ్చి గది తలుపు వేసి వెళ్ళిపోయింది. ఆ తర్వాత వాళ్ళిద్దరి మధ్య పాలు అయిపోయాయి, చెత్తబండి రేపొస్తుంది, హీటరు ఫిల్టరు మార్చాలి, ఇలాంటి మాటలే నడిచాయి.

మేత బ్రహ్మాండంగా వచ్చింది. జూలైలో ఒక సోయా మొక్క పీకి, వేరు బుడిపెను గోటితో చిదిమి చూస్తే లోపల గులాబీరంగు. అంటే పట్టించిన పొడి పనిచేస్తోందన్నమాట. ఇంకొకరైతే ఎవరినో పిలిచి చూపించేవారు. ఎల్రాయ్ మొక్కను పక్కన పెట్టి చేతులు దులుపుకున్నాడు. సాయంత్రాలు బకెట్టు బోర్లించుకుని పొలం అంచున కూర్చునేవాడు. చిత్తడిలోంచి జింకలు ఒక్కొక్కటే వచ్చి తలొంచుకుని మేసేవి. పదమూడు. వాటి మీద అతనికి కోపం లేదు, ఇష్టమూ లేదు. కడుపు నిండిందా, ఇక్కడే పడుకున్నాయా, అదొక్కటే చూసేవాడు. పొద్దున్నే మలుపు దాకా నడిచి కాలవలు చూసివచ్చేవాడు. జూన్‌లో ఏమీ లేదు. జూలైలో ఒక పిల్ల. ఆగస్టు, సెప్టెంబరు ఏమీ లేదు. ఉద్యోగంలో ఉండగా ఏ వేసవిలోనూ ఆ ముక్కలో అయిదారు ఎత్తకుండా గడవలేదు. పని జరుగుతోంది. ఆ మాట తనలో తను అనుకుని ఇంటికొచ్చి చల్లారిన అన్నం తినేవాడు. బెర్నిస్ అప్పటికే తినేసి, కారు పెరట్లో పెట్టేసి, టీవీ ముందు ఉండేది.

అక్టోబరు చివర గార్డీ రెండు రోజుల్లో తన సోయా అంతా కోసేశాడు. నవంబరు మొదటి ఆదివారం, ఏటా చలికాలం ముందు చేసినట్టే, అందరూ గడియారాలు గంట వెనక్కి తిప్పుకున్నారు. ఆదివారం మధ్యాహ్నం మొదలైన మొదటి మంచు సోమవారం కూడా సన్నగా పడుతూనే ఉంది.

ఆ మధ్యాహ్నం మూడింటికి ఎల్రాయ్ మలుపు దగ్గరికి వెళ్ళాడు. రోడ్డు పక్క మంచు మీద అడుగులు. వంగి చూశాడు. గిట్ట మొన ఎటుంటే జింక అటు పోయినట్టు. మొనలన్నీ ఒకే వైపున్నాయి. గార్డీ పొలం వైపు నుంచి తన చిత్తడి వైపుకి. ఇరవై దాకా లెక్కపెట్టి ఆపేశాడు.

గార్డీ పొలం వెనక గుట్ట ఉంది. ఆ గుట్ట మీద కూడా జింకలున్నాయి. అవి ఇన్నాళ్ళూ తమ వైపునే గార్డీ సోయా తిన్నాయి, రోడ్డుతో వాటికి పనిలేకపోయింది. ఇప్పుడు అటు వైపు ఉత్త నల్లమట్టి. ఆ చుట్టుపక్కల మంచు కింద పచ్చగా ఉన్నదీ, కాయలతో నిలబడి ఉన్నదీ ఎల్రాయ్ రెండెకరాలే. ముప్ఫై ఒక్క ఏళ్ళు రోడ్డు మీద బతికినవాడు రోడ్డుకి రెండు వైపులుంటాయన్నది మర్చిపోయి, తన వైపు జింకల్నే లెక్కేసుకున్నాడు. దాటకుండా ఆపుదామనుకున్నవాడు చేతులారా పిలిచి దాటిస్తున్నాడు.

వెనక పికప్పు ఆగింది. గార్డీ అద్దం దించాడు. "చూశావా? మా గుట్ట మీదవన్నీ వరస కట్టి నీ ఇంటికే భోజనానికి! నిన్న నాలుగున్నరకి మా ఆవిడ పదకొండు లెక్కపెట్టింది. ఈసారి పెద్ద కొమ్ములది నీదేరా, రాసిపెట్టుకో."

"నాలుగున్నరకా?"

"గడియారం మార్చాం కదా. మొన్నటిదాకా అయిదున్నర. వాటికి గడియారం ఎక్కడిది, పొద్దుగూకితే అదే వాటికి గంట."

బెర్నిస్ నాలుగుంపావుకి పని దిగుతుంది. ఆ లెక్కన నాలుగున్నరకి ఈ మలుపులో ఉంటుంది. శనివారం దాకా ఆ వేళకి వెలుతురుండేది.

"నీ డిస్కు కావాలి గార్డీ. ఇప్పుడే."

"మంచులో డిస్కేమిట్రా? పిచ్చా? వేట ఇంకా రెండు వారాలుంది, ఇప్పుడు దున్నితే..."

"బెర్నిస్ నాలుగున్నరకి ఇక్కడికొస్తుంది. నేను వేసింది వేటకి కాదు."

గార్డీ నవ్వు ఆగిపోయింది. రెండేళ్ళ కిందట ఆ మలుపులో మొదట ఆగిన బండి అతనిదే. "డిస్కు మా బావమరిది దగ్గరుంది. రేపు పొద్దున్నే తెస్తా. ఇవాళ మాత్రం కాదురా."

ఎల్రాయ్ తన ట్రక్కులో ఇంటికి పోయి ఆశ్రమానికి ఫోను చేశాడు. "బెర్నిసా? ఇవాళ ముందే వెళ్ళిపోయిందండీ, మంచు పడుతోందని" అన్నారు. ఆమె చేతి ఫోను మోగుతూనే ఉంది, ఎత్తలేదు. నడిపేటప్పుడు ఆమె ఫోను సంచిలో పెట్టేస్తుంది. ఆ అలవాటు చేసింది అతనే.

కౌంటీ వాళ్ళ నారింజరంగు చొక్కా తొడుక్కుని, ఒక వైపు ఆగు అనీ ఇంకో వైపు మెల్లగా అనీ రాసున్న కర్ర పట్టుకుని, మళ్ళీ వచ్చి మలుపు నడిమధ్యన నిలబడ్డాడు. అవతలి కొసన బళ్ళని హెచ్చరించడానికి గార్డీ ఆపిన పికప్పు లైట్లు మిణుకుమంటున్నాయి. పాల ట్యాంకరు వచ్చింది, ఆపాడు. ఉత్తరాలు పంచే ఆవిడ కారు వచ్చింది, ఆపాడు. ఆవిడ అద్దం దించి ఏదో అడగబోయి, ఎవరో గుర్తుపట్టి, మళ్ళీ ఎత్తేసుకుంది. సరిగ్గా ఆ వేళకి గార్డీ పొలం మీదుగా జింకలు వచ్చాయి. తొందరేమీ లేదు వాటికి. ఒకటి ఎల్రాయ్‌కి పది అడుగుల దూరంలో నిలబడి అతన్ని పైనుంచి కిందిదాకా చూసి, మేతకి పోయింది.

నాలుగున్నర దాటింది. పావుతక్కువ అయిదు. బెర్నిస్ కారు రాలేదు.

అయిదయ్యింది. అప్పుడు అతనికి భయం వేసింది. రెండేళ్ళలో అతనికి కలిగిన మొదటి భావం అది. ఇంకేదైనా వచ్చుంటే బాగుండేదని కూడా అనిపించలేదు, అంత భయం. కర్ర గార్డీ చేతిలో పడేసి ట్రక్కెక్కాడు.

టౌను దాకా మెల్లగా పోయాడు, రెండు పక్కలా కాలవల్లోకి లైటు వేసి చూసుకుంటూ. అతనికి అలవాటైన పనే. వంగిన గడ్డి, విరిగిన గాజు, పక్కకు జారిన చక్రాల గుర్తు. ఎక్కడా ఏమీ లేదు. ఆశ్రమం ముందు ఆమె కారు నిలిపే చోటు ఖాళీగా ఉంది. లోపలికి వెళ్ళి అడిగితే ఆమె వెళ్ళి రెండు గంటలు దాటిందన్నారు. వెనక్కి అదే రోడ్డున, ఇంకా మెల్లగా వచ్చాడు. "బెర్నిస్, బెర్నిస్" అని తను పైకే అంటున్నట్టు ఇల్లు కనపడే దాకా అతనికి తెలియలేదు.

పెరట్లో కారు ఉంది. పైన మంచు పేరుకుని ఉంది.

వంటింట్లో బెర్నిస్ పొయ్యి దగ్గర నిలబడి బంగాళాదుంపల పులుసు కలుపుతోంది. అతను గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏ దారిన వచ్చావు?"

"ఏం?"

"ఏ దారిన వచ్చావు బెర్నిస్?"

"చర్చి రోడ్డున."

"మంచు పడిందనా?"

"రోజూ అటే వస్తా." ఆమె వెనక్కి తిరగలేదు. "వాడు పోయినప్పటి నుంచీ అటే. ఆ మలుపులోకి నేను వెళ్ళలేను."

"అటైతే పదకొండు మైళ్ళు ఎక్కువ."

"నాకు తెలియదా? నడిపేది నేను."

అతను బూట్లు విప్పకుండానే కుర్చీలో కూలబడ్డాడు. నేల మీద మంచు కరిగి మడుగు కట్టింది. మామూలుగా అయితే దానికి నాలుగు చీవాట్లు పడేవి. బెర్నిస్ తిరిగి చూసింది. "ఆ చొక్కా ఏమిటి? నీ ఉద్యోగం అయిపోయి ఏడాదవుతోంది."

చెప్పాడు. రెండేళ్ళు దాచింది చెప్పడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. "నువ్వు రోజూ ఆ మలుపులోంచే వస్తున్నావనుకున్నా. జింకల కడుపు ఇవతలే నిండితే దాటవనుకున్నా. అందుకే వేశా. ఇవాళ చూస్తే నా మేతకే దాటుతున్నాయి. రేపు దున్నేస్తా."

"అయితే అది వేటకి కాదా?"

"నీ కోసం."

ఆ మాటతోనే అతనికి ఏడుపు వచ్చింది, ఇన్నాళ్ళు కాచుకున్నా రానిది, ముఖం కప్పుకునే వ్యవధి కూడా ఇవ్వకుండా. బెర్నిస్ పొయ్యి ఆర్పింది. అతని పక్కకి రాలేదు. ఎదురుగా, రోజూ తను కూర్చునే కుర్చీలోనే కూర్చుంది.

"రెండేళ్ళు ఎల్రాయ్," అంది. "ఒకే ఇంట్లో ఉన్నాం. ఏ దారిన వస్తున్నావే అని ఒక్కసారి అడిగితే చెప్పేదాన్ని కదా."